తిన్నాక వేసుకునే గోలీ

నర్సింహులపేటలో రాణి ఇంటి పొయ్యి మీద పొద్దున్నే మొదట మరిగేది పక్కింటి బుచ్చవ్వ చాయ. ప్రార్థన చేసుకుని, గిలాస తెచ్చి రెండిళ్ల నడిమి గోడ మీద పెట్టి, "అవ్వా, సల్లారుతది" అని పిలిచేది. తాను మాత్రం మధ్యాహ్నం దాకా మంచినీళ్లయినా ముట్టేది కాదు. తొమ్మిదేళ్ల కూతురు కరుణకు రక్త క్యాన్సర్ తిరగబెట్టిన నాటి నుంచి పట్టిన ఉపవాసం అది. బిడ్డ కోలుకునేదాకా విడవనని ప్రభువుకు మాటిచ్చింది.

భర్త కృపాకర్ భూపాలపల్లి బొగ్గు గనిలో కాంట్రాక్టు పని చేస్తూ వారానికోసారి వచ్చిపోయేవాడు. మిర్చి ఏరే కూలి, బిడ్డను పట్నం దవాఖానకు తిప్పడం, రెండూ రాణి మీదే పడ్డాయి. బస్సెక్కితే చాలు, కూర్చున్నచోటే కళ్లు మూతలు పడేవి. "అక్కా, జనగామొచ్చింది, లే" అని కండక్టరే లేపేవాడు. అక్కడ పట్నం రైలెక్కే స్టేషన్‌లో చాయ అమ్మే నగేశ్ తన తువ్వాలతో బెంచీ తుడిచి, కరుణను పడుకోమనేవాడు.

పాత మందులు పని చేయనప్పుడు డాక్టరమ్మ కొత్త గోలీ సంగతి చెప్పింది. ఒంట్లో ప్రతి కణం తన పని అయ్యాక తనంతట తానే చనిపోవాలట. క్యాన్సర్ కణాలు మాత్రం ఆ చావుకు అడ్డుకట్ట వేసుకుని బతుకుతాయట.

"పండినా రాలని ఆకు లెక్కనా, అమ్మా?" అంది రాణి.

"అట్లాంటిదే. ఈ గోలీ ఆ అడ్డు తీస్తుంది, అవి రాలిపోతాయి. ఖాయంగా నయమవుతుందని చెప్పలేను. ఒక్కటి గుర్తు పెట్టుకో, కడుపు నిండా తిన్నాకే వేయాలి. లేకపోతే ఒంటికి పట్టదు."

రాణి రోజూ ఉప్మా గిన్నె, గోలీ బిడ్డ ముందు పెట్టి చేనుకు పరుగెత్తేది. వచ్చేసరికి గిన్నె ఖాళీగా ఉండేది. అయినా రక్తపరీక్షలో మందు జాడ చాలినంత లేదు. నర్సు కరుణను దగ్గరికి తీసుకుని, "పొద్దున ఏం తింటున్నవ్ తల్లీ?" అని అడిగింది.

"కోళ్లకేస్తున్న, గోలీ ఒక్కటే మింగుతున్న," అంది కరుణ తల దించుకుని. "అమ్మ నా కోసం పస్తుంటాంది. నేనెట్ల తినాలె?"

రాణి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. నర్సు తన డబ్బా తెరిచి, పులిహోర ఇద్దరి ముందూ పెట్టింది. మధ్యాహ్నం ఇంకా కాలేదు. రాణి చెయ్యి చాచలేకపోయింది. కరుణ కూడా ముట్టలేదు.

ఊరికి వచ్చిన సాయంత్రం రాణి గోడ దగ్గరికి పోయి నిలబడింది.

"ఏందే, మొకం గట్లున్నది?" అంది బుచ్చవ్వ. "చాయల చక్కెర తక్కువేస్తున్నవని ఊరంత చెప్పిన్నని కోపమా?"

రాణికి నవ్వు రాలేదు. జరిగిందంతా చెప్పింది. తరువాత గోడ మీద చేతులు పెట్టి, నెమ్మదిగా అడిగింది.

"అవ్వా, నువ్వు యెంకన్నకు శనివారం ఒక్కపొద్దుంటవు గద. గట్లనే రోజు మధ్యాహ్నం దాకా నా ఉపవాసం నువ్వు పట్టవా? ప్రభువుతోని నేను చెప్పుకుంట. రేపటి సంది గోడ మీద చాయ పెట్టను. నేను బిడ్డతోని కూసోని తినాలె."