అందని కోటు

పక్కింటి పెద్దావిడ పోయారని సోమవారం పొద్దున వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. "నిద్రలోనే వెళ్ళిపోయింది. మా అమ్మ పడుకుని పోవడమేంటి, చెప్పు!" అని నవ్వబోయి ఏడ్చేసింది. ఫోన్ పెట్టేశాక నాకు ఒకచోట కాలు నిలవలేదు. స్టవ్ మీద పాలు పెట్టి వరండాలోకి వెళ్ళాను. పాలు పొంగిన వాసన వచ్చాక లోపలికి పరుగెత్తి, ఆపేసి, మళ్ళీ వరండాలోకే వచ్చాను. వారం గడిచింది. ఇప్పటికీ అలాగే ఉంది.

అమెరికాలో మేముండే మోరిస్‌విల్‌లో మా వీధి నిండా మనవాళ్ళే. సాయంత్రం నడకకి వెళ్తే తెలుగు తప్ప ఇంకోటి వినపడదు. ఆ వరసలో ఆవిడొక్కరే వేరు. ఇటలీలో పుట్టి, పెళ్ళితో అమెరికా వచ్చి, చాలాకాలం స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మా పాప ఆవిడని "నోన్నా" అని పిలిచేది. అంటే వాళ్ళ భాషలో అమ్మమ్మ.

ఆవిడ కూర్చోగా నేను చూసింది తక్కువ. కాఫీ నిలబడే తాగేవారు. మా ఇంటికొస్తే కౌంటర్ దగ్గర నిలబడి, వేడి వేడి దోసె చేత్తో తుంచుకుని తినేవారు. ఒక కన్ను ఎప్పుడూ వీధి తలుపు మీదే.

"కాసేపు కూర్చోండి" అంటే, "కూర్చుంటే తలుపు చప్పుడు ఆలస్యంగా వినపడుతుంది అమ్మాయీ" అనేవారు. వేళాకోళం అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఫోటో ఒకటి పెద్దది చేసి చూపించమని వచ్చారు. ఇటలీ నుంచి వాళ్ళ బంధువులమ్మాయి ఈమెయిల్‌లో పంపింది. వాళ్ళ ఊరి దగ్గర ఒక పాత కోట ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ శిబిరాలకు తరలించిన వాళ్ళ కోసం, ప్రభుత్వాన్ని ఎదిరించి ఖైదీలైన వాళ్ళ కోసం ఆ కోటను మ్యూజియం చేశారట. ఫోటోలో అద్దాల బీరువా, అందులో మగవాళ్ళ ఉన్ని కోటు, దాని కింద చిన్న అట్ట. అట్ట మీది అక్షరాలు కనిపించేదాకా పెద్దది చేయించి, చదివి, ఆవిడ గబగబా వంటింట్లో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టారు.

"ఏమైందండీ?"

"శిబిరంలో ఖైదీ తొడుక్కున్న కోటు అని రాశారు. అబద్ధం. అది మా నాన్నది. ఆయన దాన్ని తొడుక్కోలేదు."

తిరుగుతూనే చెప్పారు. వాళ్ళ నాన్న ప్రెస్సులో పనిచేసేవాడు. యుద్ధానికి వ్యతిరేకంగా కరపత్రాలు అచ్చు వేశాడని చలికాలంలో ఒక తెల్లవారుజామున ఒంటి మీది చొక్కాతో పట్టుకుపోయారు. వాళ్ళమ్మ ఆయన కోటు తెచ్చి ఈవిడ చేతుల్లో పెట్టి "పరుగెత్తు" అంది. అప్పుడు ఈవిడకి తొమ్మిదేళ్ళు. రైల్వే స్టేషన్‌కి చేరేసరికి రైలు పెట్టెల తలుపులు మూసేస్తున్నారు. సైనికుడు దగ్గరికి రానివ్వలేదు. కోటుతోనే ఇంటికి తిరిగొచ్చింది. నాన్న రాలేదు.

"అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అమ్మ పోయాక అన్నయ్య దాన్ని మ్యూజియంకి ఇచ్చాడు. ఏం చెప్పి ఇచ్చాడో నాకు తెలీదు. వాడూ పోయాడు."

ఆ రోజు నుంచి ఆవిడకి నిలకడ మరీ పోయింది. మ్యూజియానికి మెయిల్ మీద మెయిల్ పెట్టించారు. పరిశీలిస్తాం అని మర్యాదగా జవాబొచ్చేది. చివరికి తానే వెళ్తానన్నారు. మోకాళ్ళు సహకరించవు, కూతురికి సెలవు దొరకదు. "నువ్వు వస్తావా?" అన్నారు.

మా ఆయన అదిరిపడ్డాడు. "గ్రీన్ కార్డ్ మొన్నే వచ్చింది. ఆఫీస్‌లో లేఆఫ్‌లు నడుస్తున్నాయి. పక్కింటావిడతో ఇటలీ వెళ్తానంటావేంటి?"

"ఆవిడకి నిద్ర పట్టట్లేదు. నాకూ పట్టట్లేదు" అన్నాను. మా ఆయన రెండు రోజులు ముభావంగా ఉండి, మూడో రోజు టికెట్లు తనే బుక్ చేశాడు.

కోటలో నిర్వాహకురాలు నడివయసు మనిషి, నెమ్మదస్తురాలు. వాళ్ళిద్దరూ కోటు ముందు నిలబడి ఇటాలియన్‌లో మాట్లాడుకున్నారు. మధ్య మధ్య ఆవిడ నాకు ఇంగ్లీషులో చెబుతూ వచ్చారు.

"ఈ కోటు చూసి జనం ఏడుస్తారమ్మా" అందట ఆమె.

"ఏడవనీ. కానీ ఆయనకి వెచ్చగా ఉందనుకుని ఏడవొద్దు" అన్నారట ఈవిడ.

నిర్వాహకురాలు తాళం తెచ్చి అద్దం తెరిచి, పాత అట్ట తీసేసింది. కొత్తది అచ్చు వేయించేదాకా ఉంటుందని తెల్లకాగితం తీసి, ఏం రాయమంటారని అడిగింది. ఈవిడ ఒకే వాక్యం చెప్పారు: ఇది ఆయనకు అందలేదు.

ఇంటికొచ్చాక ఆవిడ కుదుటపడతారని ఆశపడ్డాను. పడలేదు. అదే నడక, అదే నిలబడి తినడం. "అట్ట మారింది, నేను మారలేదు" అని తనే నవ్వేవారు. మా ఆయన మాత్రం, ఆవిడ వచ్చినప్పుడల్లా తన ప్లేటు పట్టుకుని టేబుల్ దగ్గర్నుంచి లేచొచ్చి, కౌంటర్ దగ్గర ఆవిడ పక్కన నిలబడి తినేవాడు.

ఈ వారమంతా నా కళ్ళ ముందు తిరుగుతున్నది ఆ కోటలో చూసిందే. కాగితం పెట్టి అద్దం మూసిన కాసేపటికే టీచర్‌తో బడిపిల్లలు వచ్చారు. ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో ఉన్న ఒక పాప ఆ వాక్యం పైకి చదివి టీచర్ని ఏదో అడిగింది. టీచర్ తెలియదన్నట్టు తల ఊపింది. అందకపోతే మరి కోటు అప్పుడు ఎక్కడుంది, అని ఆ పాప అడిగిందట. ఆవిడ వెనక నుంచి "నా చేతుల్లో" అని జవాబు చెప్పి, బరువైనదేదో మోస్తున్నట్టు రెండు చేతులూ ముందుకు చాపారు. పాప వెనక్కి తిరిగింది. ఆవిడ ముఖం వైపు చూడలేదు. దగ్గరికి వచ్చి, ఖాళీగా చాచి ఉన్న ఆ చేతుల్లోకి చూస్తూ నిలబడింది.