గొట్టంలోకి మిరప పొగ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏది ఆగిపోయినా అందరూ ముందు నా వంకే చూసేవాళ్లు. గోడ గడియారం ఆగినా నేనే, రేడియో మూగబోయినా నేనే. వాళ్లననుకోవడానికి లేదు. ఆరో తరగతి మధ్యలో చదువే ఆపేసిన ఘనుణ్ణి, మిగతావి ఆపడం నాకో లెక్కా అని వాళ్ల అనుమానం. నేను బడి మానేసిన రోజు మా పంతులుగారు మిగతా పిల్లలందరికీ చాక్లెట్లు పంచారట. ఈ మాట నేను కల్పించిందే గానీ, నమ్మనివాళ్లు ఇంతవరకూ తగల్లేదు.

ఎనభైల్లో ఒక ఎండాకాలం మా లెట్రిన్ ఆగిపోయింది. అప్పట్లో మా గుంటూరు వైపు పల్లెల్లో లెట్రిన్ ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మా నాన్న పట్టుబట్టి పెరట్లో కట్టించాడు. వెనక జాగా చాలక సెప్టిక్ ట్యాంకు మాత్రం వీధి వైపు తవ్వారు. పెరట్లోంచి ఇంటి పక్కగా, వాకిలి కిందుగా ట్యాంకు దాకా మట్టి గొట్టాలు పూడ్చారు. మా తాతయ్యకి ఇదంతా మొదట్నుంచీ గిట్టలేదు. అన్నం తినే ఇంట్లో ఆ పనేమిటని, ఆయన మాత్రం చెంబు పట్టుకుని చేనుగట్టుకే వెళ్లేవాడు.

ఆ రోజుల్లోనే మా మేనత్త తొలికాన్పుకి పుట్టింటికి వచ్చి ఉంది. ఆమె వచ్చిన పది రోజులకి లెట్రిన్‌లో నీళ్లు దిగడం మానేశాయి. బకెట్టు పోస్తే బకెట్టూ పైకొచ్చి నిలబడేది. నాన్న పొడుగాటి వెదురుబద్ద దూర్చి చూశాడు. బద్ద ఉన్నంత మేరా పోయింది, దేనికీ తగల్లేదు. అడ్డం ఇంకా ముందెక్కడో ఉంది. ఎక్కడుందో తెలియాలంటే లైనంతా తవ్వాలి. ఆ ఎండలకి నేల గడ్డపార దెబ్బకి ఠంగుమంటోంది.

మూడు రోజులు చూసి తాతయ్య తీర్పు చెప్పేశాడు. ఆదివారానికి బాగవకపోతే ఆ గుంట పూడ్పించి, గదిలో మిరపకాయల బస్తాలు వేయిస్తానన్నాడు. మేనత్త ఏడవలేదు, వాదించలేదు. పెట్టె సర్దుకుంది. ఎనిమిదో నెలలో చీకటితో లేచి గట్ల వెంట నడవడం తన వల్ల కాదనీ, దర్శిలో అత్తగారింట్లో లెట్రిన్ ఉందనీ, సోమవారం బస్సెక్కుతాననీ అంది. ఆ గతుకుల రోడ్డు మీద, ఎర్రబస్సులో, ఆ నెలలో. మా నాయనమ్మ అన్నం మానేసింది.

ఇక దోషిని తేల్చడమే మిగిలింది. గొట్టంలో ఏం పడేశావో చెప్పమని తాతయ్య నన్ను వాకిట్లో తన మంచం ముందు నిలబెట్టాడు. ఏమీ లేదన్నాను. మళ్లీ అడిగాడు. ఆయన అడిగే తీరు ఎలాంటిదంటే, కాసేపటికి మనం చేయని పని కూడా చేసినట్టే గుర్తొస్తుంది. చివరికి పలక పడేశానని ఒప్పేసుకున్నాను. బడి మానేసిన వాడి దగ్గర పలక ఎక్కడిదని ఎవరికీ తట్టలేదు. నాన్న వెదురుబద్ద సంగతే మరిచి, గడ్డపార తీసుకుని లెట్రిన్ వెనకే తవ్వడం మొదలుపెట్టాడు.

మూడు బారల మేర తవ్వినా ఏమీ దొరక్కపోయేసరికి మేస్త్రి తాతని పిలిపించారు. మా ఊరి చర్చి కట్టిన ముసలి మేస్త్రి, మా గొట్టాలు వేసిందీ ఆయనే. రాగానే అందరూ నా పలక సంగతి చెప్పారు. ఆయన ఊఁ కొట్టాడు గానీ నా వంక కూడా చూడలేదు. నేరుగా వీధి వైపు వెళ్లి, ట్యాంకుకి రెండు బారల ఇవతల గొట్టం మీదున్న చిన్న గుంట మూతబండ ఎత్తాడు. లోపల ఎండిపోయి ఉంది. చూసి సంతోషపడ్డాడు. ఎండిన గుంటని చూసి ఆ సంతోషమేమిటో నాకు అర్థం కాలేదు, వెనకాలే తిరుగుతూ అడిగాను. ఇక్కడికి చుక్క రాలేదంటే అడ్డం దీనికీ లెట్రిన్‌కీ మధ్యనే ఉందనీ, ఇక్కణ్ణుంచి ఆ అడ్డం దాకా గొట్టం ఖాళీగానే ఉందనీ చెప్పాడు. ట్యాంకులో గాలి మంచిది కాదు, నిప్పు అటు పోకూడదని ఆ వైపు గొట్టం మూతికి తడిగోనె బిగించి కుక్కాడు.

తర్వాత ఎలుకల కుండ తెమ్మన్నాడు. చేలల్లో ఎలుకల బొరియలకి పొగపెట్టే కుండ అది. మూతి బొరియకి ఆనించి, అడుగునున్న బెజ్జంలోంచి ఊదుతారు. అందులో గడ్డి కుక్కి, నిప్పులేసి, నాయనమ్మని దోసెడు తాలుకాయలు అడిగాడు. పొలంలో పండీ పండక తెల్లబారి, ఎవరూ కొనని మిరపకాయలవి. గడ్డి పొగ కంటికి ఆనకపోయినా మిరప పొగ ముక్కుకి తెలుస్తుందన్నాడు. గొట్టం పోయిన దారి పొడవునా తలోచోట కూర్చోమని, దగ్గొచ్చిన వాళ్లు చెయ్యెత్తమని చెప్పి, కుండ గొట్టానికి ఆనించి ఊదడం మొదలుపెట్టాడు.

నేను లెట్రిన్ దగ్గర బోర్లా పడుకుని నేల వాసన చూస్తున్నాను. లేని పలక అక్కడే ఉండి పొగ లేస్తే నా గతేమిటని ఒకటే భయం. ఏమీ లేదు. ఇంటి పక్కన నాన్న, నాయనమ్మ. వాళ్లూ ఊరికే కూర్చున్నారు. మేనత్త పెట్టె మీద కూర్చుని గుమ్మంలోంచి చూస్తోంది. అప్పుడు వాకిట్లోంచి దగ్గు వినిపించింది. మంచం మీద మా తాతయ్య. చుట్ట పొగ అడ్డం పడిందని బుకాయించాడు. చుట్ట ఇంకా వెలిగించనే లేదు. ఆయన మంచం కింద నేల బీటలోంచి దారంలాంటి పొగ లేస్తోంది.

మంచం జరిపి తవ్వితే మోకాలి లోతులో అడ్డం దొరికింది. గొట్టాల అతుకు విడిపోయి, సందులోంచి మట్టి జారి నిండిపోయింది. చల్లదనానికని తాతయ్య రోజూ సాయంత్రం మంచం కింద నాలుగు బిందెల నీళ్లు పోయించుకునేవాడు. మాది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. రోజూ ఒకేచోట తడిపి ఎండబెడుతుంటే గొట్టం మాత్రం ఎంతకాలం కదలకుండా ఉంటుందని మేస్త్రి తాత నెమ్మదిగానే అన్నాడు.

తాతయ్య నా వైపు వేలు చూపించి, "నీళ్లు మోసింది వీడేగా" అన్నాడు.

మేనత్త నవ్వింది. ఆ నాలుగు రోజుల్లో అదే మొదటిసారి. పొద్దుగూకేలోపు కొత్త గొట్టం వేసి, చుట్టూ ఇసుక పోశారు. పెట్టెలోని చీరలు తిరిగి దండెం మీదికెక్కాయి. తాతయ్య మంచం తనే లాక్కెళ్లి వాకిలి అవతలి వైపు వేసుకున్నాడు.

తర్వాత నేను నీళ్ల మోటార్లు బాగుచేసే పనిలో స్థిరపడ్డాను. మోటారు తెచ్చేవాళ్లు దాంతోపాటు దోషిని కూడా తెస్తారు. పాలేరు తగలేశాడనో, బామ్మర్ది పాడుచేశాడనో. ఎవరు పాడుచేశారో నాకూ చూడగానే తెలిసిపోయినట్టే ఉంటుంది. అలా తెలిసిపోయినట్టు అనిపించిన రోజున మరీ నిదానంగా విప్పుతాను. ఆ నిదానానికి ఒక కారణం ఉంది.

ఆ సాయంత్రం మేస్త్రి తాత బావి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే పక్కన చేరాను. నిర్దోషినని ఛాతీ విరుచుకుని, ఊళ్లో నన్ను నమ్మింది నువ్వొక్కడివే, నేను కాదని నీకు మొదట్నుంచీ తెలుసు కదా తాతా అన్నాను.

ఆయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, "లేదురా, నువ్వేననుకున్నా. అందుకే పొగ పెట్టి చూశా" అన్నాడు.