బియ్యం అడగకుండా దాటిన గుమ్మం

డెబ్బైల నాటి, ఈస్టరుకు ముందు ఉపవాసాలుండే తపస్కాలపు శనివారాలు నాకిప్పటికీ కలలో నడిచినట్టే గుర్తున్నాయి. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. గుడ్డసంచి భుజాన వేసుకుని మా ఛత్రినాక బస్తీలో క్రైస్తవుల ఇళ్ళన్నీ తిరిగేదాన్ని. ఆడవాళ్ళు రోజూ అన్నం వండేముందు ఒక పిడికెడు బియ్యం పేదల కోసం పక్కన పెట్టేవాళ్ళు. వారమంతా కూడినవి నా సంచిలో పోసేవాళ్ళు. పల్చటి ఎండ, బియ్యపు వాసన, ఎవరింట్లోంచో రేడియోలో ఉర్దూ పాట. కాళ్ళు నేలకు ఆనేవి కావు. నేనేదో దానకర్ణుడి చెల్లెలినైనట్టు మహా గర్వం.

ఒక్క ఇంటిని మాత్రం వదిలేసేదాన్ని. అగరొత్తులు చుట్టి ఇద్దరు పిల్లలను సాకే ఒక పెద్దమ్మది అది. ఆదివారం పూజ తర్వాత చర్చి దగ్గర పంచే ఈ బియ్యం కోసం వరసలో నిలబడేది. "ఆమెను అడగకు బిడ్డా. తీస్కునేటోల్లను అడుగుతరా, పాపం!" అని అమ్మ చెప్పింది. నాకూ సబబే అనిపించింది.

ఒక శనివారం ఆమె గుమ్మంలో బియ్యం చెంబుతో నిలబడి ఉంది. చేతులకు అగరొత్తుల నల్లపిండి.

"ఏంది బిడ్డా, మా ఇల్లు కనవడ్తలేదా? గిది వట్టు."

"వద్దు పెద్దమ్మా, మల్ల మీకే ఇచ్చేది గద," అన్నాను, ఎంతో పెద్ద మనసున్నదానిలా.

ఆమె మొహం చిన్నబోయింది. చెంబుతోనే లోపలికి వెళ్ళిపోయింది.

మరునాడు ఫాదర్ ప్రసంగంలో, పేదలకు ఇచ్చేది మన దయ కాదు, వాళ్ళ హక్కు అన్నారు. పూజ అయ్యాక వరసలో ఆమె లేదు. పిల్లలూ రాలేదు. ఆ ఇంట్లో ఏం తింటున్నారో అని నాకు ముద్ద దిగలేదు. ఏడుస్తూ అమ్మకు చెప్పేశాను.

"వద్దనెటందుకు నువ్వెవరివే?" అని అమ్మ నా మీదే లేచింది. కాసేపటికి, "తప్పు నాదే గని," అంది. సాయంత్రం నా చేత గిన్నెడు బియ్యం పంపింది. పెద్దమ్మ తీసుకోలేదు.

ఆ వారమంతా మాకు బరువుగా గడిచింది. శనివారం సంచి అమ్మే పట్టుకుంది. నేను వెనక నడిచాను. ఆ గుమ్మం ముందు అమ్మ కొంగు సర్దుకుని, "అక్కా, మీ ఇంటి బియ్యం పెట్టున్రి," అని అడిగింది.

పెద్దమ్మ చేతుల నల్లపిండి దులుపుకుంది. లోపలికి వెళ్ళి చెంబు తెచ్చింది. అంచుదాకా నిండి ఉంది. సంచిలోకి వంపుతూ నాతో అంది:

"పోయిన వారంది గూడ గిండ్లనే ఉన్నది బిడ్డా. ముట్టలే."