నాయన పిడికిట్లో నాడె
పక్షవాతం వచ్చాక, ధర్మవరంలో మా ఇంట్లో మంచంమీద కూర్చున్న నాయన ఎడమకాలు మగ్గం తొక్కుతున్నట్టు దానంతటదే ఆడేది.

“లోపల ఇంకెవరో నేస్తాండారు,” అనేది అవ్వ. చేతికి నేతపని గుర్తుండాలని, మగ్గంలో పోగును అటూ ఇటూ నడిపే నాడెను ఆయన బిగిసిన పిడికిట్లో పెట్టింది. వేళ్లు రోజురోజుకీ దానిమీద మరింత బిగిశాయి.

గ్రంథాలయంలో చదివి దీని పేరు నేనే కనుక్కున్నాను: స్పాస్టిసిటీ. మెదడు అదుపు తప్పిన కండరం గుంజితే ఎదురు తిరుగుతుంది, నిదానంగా సాగదీస్తే లొంగుతుంది. హిందూపురం డాక్టరు మాత్రలు రాసి, నాడె తీయకపోతే చెయ్యి ఇక తెరుచుకోదన్నాడు.

మణికట్టు వంచి వేళ్లు ఒక్కొక్కటే విప్పాను. నాడె కిందపడింది.

“వదిలినాడా ఆ లోపలున్నోడు?” అంది అవ్వ.

కాలు ఇంకా తొక్కుతూనే ఉంది. మోకాలిపై చెయ్యి వేసి పాదాన్ని నేలకు అదిమాను. ఆగింది. అంత చదివినా, లోపల నేసేవాణ్ణి నేనే ఆపేసినట్టనిపించి, కిందపడిన నాడెవైపు చూడలేకపోయాను.