రెండో అద్దం

అవ్వ తుంటి ఎముక విరిగినప్పుడు సెలవు పెట్టి ధర్మపురి వచ్చాను. ఆరు వారాలు మంచం దిగొద్దన్నాడు డాక్టరు. మా సందు చివరే గోదావరి. మా వైపు అమ్మను అవ్వ, నాన్నను బాపు అన్నట్టే దాన్ని గంగ అంటారు. పొద్దున్నే గంగను చూడందే అవ్వ ముద్ద ముట్టదు. రెండు రోజులు పస్తులుంది. మూడో రోజు, నడిచైనా పోతానంది. లేస్తే ఎముక అతకదని నాకు ఒకటే దడ.

నా పని అద్దాలతోనే. ఫోన్లో మన మాటలు వెలుగై, వెంట్రుకలాంటి గాజు తీగల్లో పోతాయి. ఆ వెలుగును ఒక తీగలోంచి ఇంకో తీగలోకి మళ్లించేవి గసగసాల గింజంత అద్దాలు. కరెంటు తగిలితే పిసరంత వంగుతాయి. ఆ వంపు సరిచూడటం నా ఉద్యోగం. అవ్వ మాత్రం నాది అద్దాలు తుడిచే కొలువని వాడకట్టంతా చెప్పేసింది.

బీరువా అద్దం ఊడదీసి, కిటికీ బయట సందులో ఇటుకల మీద నిలబెట్టాను. కింద కాగితం మడత ఒకటి ఎక్కువైతే ఆకాశం, తక్కువైతే పక్కింటి దండెం మీది చీరలు. మధ్యాహ్నానికి నీళ్లు దొరికాయి. వాటి తళుకు గదిలోకొచ్చి మెల్లగా ఊగుతుంటే నాకే నిద్రలాంటిది కమ్మింది.

నీళ్ల మీద ఎవరో వదిలిన బంతిపూలు పోతున్నాయి. అవ్వ చాలాసేపు చూసి మొహం తిప్పుకుంది.

"గంగ ఉల్టా పారుతాంది బిడ్డా. గిది మన గంగ కాదు."

ఒళ్లు మండింది. మళ్లీ చూశాను. మా గట్టున నిలబడితే నీళ్లు ఎడమ నుంచి కుడికి పోతాయి. అద్దంలో కుడి నుంచి ఎడమకు పోతున్నాయి. ఇన్నేళ్లు అద్దాలతో బతుకుతూ నాకిది తట్టనే లేదు. మా ల్యాబులోనూ ఒక్క అద్దంతో పని కాదు. మొదటిది వెలుగును పంపుతుంది, రెండోది అందుకుని తీగలోకి తిన్నగా తోస్తుంది.

బాపు బతికుండగా గడ్డం గీసుకున్న అద్దం తెచ్చి మంచం కాళ్ల వైపు దోమతెర కర్రకు కట్టాను. అందులో అరచేయంత గంగ. ఒక బంతిపువ్వు ఎడమ నుంచి వచ్చి, మెల్లగా కుడికి పోయింది.

అవ్వ పడుకునే చేతులు జోడించింది. తర్వాత దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి, బాపు చేతికర్ర బయటికి తీసింది. అది అక్కడుందని నాకు తెలియదు.

"గిది మూలకు పెట్టు. రేపు నువ్వు లేవకముందే గంగకాడికి పోదామనుకున్న" అని, అన్నానికి నోరు తెరిచింది.