పెద్దబాపు గీసిన అంచులు

సోమవారం సాయంత్రం మా పెద్దబాపు సిరిసిల్ల నుంచి ఫోన్ చేశాడు. "బిడ్డా, తప్పు గీత తుడుపుతుంటె పక్క గీత గూడ పోతాంది. కంప్యూటర్ అమ్మిన ఆ దుకాణపాయనను జర అడుగు" అన్నాడు. అడిగి, ఆయన చెప్పింది చీటీ మీద రాసిపెట్టుకున్నాను. మంగళవారం మధ్యాహ్నం ఫోన్ మోగితే పెద్దబాపే అనుకుని చీటీ చేత్తో పట్టుకుని ఎత్తాను. పెద్దబాపు పోయాడని చెప్పారు. కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. ఏ జబ్బూ లేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు నమ్మకం కుదరడం లేదు.

ఆయన మా నాన్నకు అన్న. నలభై ఏళ్లు చేతిమగ్గం మీద చీరలు నేశాడు. అది మూలపడ్డాక మరమగ్గాల షెడ్డులో కూలికి వెళ్లాడు. అక్కడ నేసేది ఉట్టి తెల్ల బట్ట. చీర అంచుల నమూనాలు గీసుకున్న కాగితాలను చెదలు తినేశాయి. "ఇగ అన్ని నా తలకాయలనే ఉన్నయి. నేను పోతె అవి గూడ నాతోనే పోతయి" అనేవాడు. మళ్లీ గీద్దామంటే చెయ్యి వణికేది.

మా వీధిలో కంప్యూటర్ నేర్పే చోట, గళ్లు నింపుతూ బొమ్మ వేయడం చూశాను. చెయ్యి వణికినా గడి నిండుతుంది. కొత్తది కొనే తాహతు మాకు లేదు. మా కరీంనగర్ బస్టాండ్ దగ్గర ఒకాయన, ఆఫీసుల్లో తీసేసినవి బాగుచేసి అమ్ముతాడు.

"పిల్లల సదువుకా అక్కా?"

"కాదు, మా పెద్దబాపుకు. డెబ్బై ఏండ్లుంటయి."

"ఆటలాడుతడా?"

"చీర అంచులు గీస్తడు."

ఆయన నవ్వలేదు. లోపలికి వెళ్లి పెద్ద తెర ఉన్నది తెచ్చాడు. "ఇది తీస్కో. కండ్లకు తక్లీఫ్ ఉండది" అన్నాడు.

పాత దుప్పట్లో చుట్టి సిరిసిల్లకు తీసుకెళ్లాం. పెద్దమ్మ చూసి, "మగ్గం పీడ పోయిందనుకున్న. ఇగ గీ సవతిని తెచ్చిన్రా!" అంది. "దీనికి బువ్వ పెట్టే పని లేదు గదనే" అన్నాడు పెద్దబాపు. మగ్గం గుంతలో దిగే ముందు చేసినట్టే కాళ్లూ చేతులూ కడుక్కుని, మా నేతగాళ్ల దేవుడు మార్కండేయుడికి దండం పెట్టి కూర్చున్నాడు. గళ్లు నింపడం నేను చూపించాను.

మూడో రోజు పొద్దున్నే బస్సెక్కి మా ఇంటికొచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది.

"నీ మిషిని దొంగది బిడ్డా. నిన్నంత గీసి, పొద్దుగూకినంక స్విచ్చు బంద్ జేసిన. పొద్దుగాల చూస్తె ఏం లేదు."

"బంద్ చేసే ముందట దాపెట్టలేదా పెద్దబాపు?"

"మగ్గం మీద సగం నేసిన బట్టను ఎవలన్న దాపెడ్తరా? ఇడిసిపోతె తెల్లారి అట్లనే ఉంటది గదా!"

దుకాణానికి తీసుకెళ్లాను. దుకాణపాయన ఓపిగ్గా నేర్పాడు. అప్పటి నుంచి ఒక్కో వరుస గీయగానే దాచిపెట్టేవాడు. "నేసింది మనది గాదు బిడ్డా, సుట్టి పెట్టిందే మనది" అనేవాడు. మీ ఇళ్లలో పెద్దలెవరైనా ఇలాంటివి నేర్చుకుంటుంటే విసుక్కోకండి. మనకు తప్పనిపించేది వాళ్లు బతుకంతా చేసిన పని కావచ్చు.

ఆరు అంచులు పూర్తయ్యాయి. ఏడోది మా నాయనమ్మ పెళ్లిచీరది. ఆ చీర ఇప్పుడు లేదు. ఆ అంచు మళ్లీ నేసింది పెద్దబాపు ఒక్కడే. అది గీస్తుండగానే పోయాడు. ఆయన్ను పట్టుకునే తొందరలో ఎవరో స్విచ్ ఆపేశారట. చివరిగా గీసింది దాచాడో లేదో తెలియదు. ఆ దుఃఖంలో ఆ మాట అడగడానికి నాకు నోరు రాలేదు.

పదకొండో రోజు పెద్దమ్మే "ఏసి సూడు బిడ్డా" అంది. మా ఇలవేల్పు రాజన్నను తలచుకుని స్విచ్ వేశాను. ఏడో అంచు ఉంది. కానీ సగమే. నెమలి మెడ దాకా వచ్చి ఆగిపోయింది.

"మిగిలింది ఇంకెవలకెరుక పెద్దమ్మా?" అంటూ ఏడ్చేశాను.

"నలభై ఏండ్లు పక్కన కూసోని పోగులు అందిచ్చిందెవలనుకున్నవ్?"

పీట దగ్గరికి జరుపుకుని తెర మీద వేలు పెట్టింది. "రెండు పోగులు ఇడువు. మూడు ఎత్తు. మల్ల ఒకటి ఇడువు..." గీతలు ఆగిన చోటు దాటి, తెల్లటి అద్దం మీద ఆమె వేలు గడిగడికీ ముందుకు పోతూనే ఉంది.