ఉక్కపోతలో ఉద్యోగం

నాకు చెమట పడుతుంది. ఈ మాట చెబితే, ఎండాకాలంలో ఎవరికి పట్టదు అంటారు. అందరికీ పట్టేది వేరు, నాకు పట్టేది వేరు. డిసెంబరు పొద్దున స్వెటర్ వేసుకుని పేపరు చదివినా, పట్టుకున్న చోట అక్షరాలు నా వేళ్ళకి అంటుకుని వచ్చేస్తాయి. నా తరవాత పేపరు అందుకునే మా ఆయన, "ఇవాళ్టి రాజకీయాలు నీ బొటనవేలి మీదున్నాయి, ఇలా చూపించు" అంటాడు. ఆయనకి మాత్రం మే నెల మిట్టమధ్యాహ్నం మేడ మీద వడియాలు పెట్టించినా నుదుటి మీద ఒక్క చుక్క కనబడదు.

మేం ఉండేది కూకట్‌పల్లిలో, నా ఆఫీసు హైటెక్ సిటీలో. దూరం పెద్దగా లేదు. కానీ జూన్ మొదటి వారంలో, వాన ఇవాళో రేపో అన్నట్టు ఆశపెట్టి రాకుండా ఉక్కపోసే రోజుల్లో, బస్సులో నిలబడి వెళ్తే ఆ దూరమే చాలు. ఎక్కేటప్పుడు ఉతికి ఇస్త్రీ చేసిన మనిషిని. దిగేటప్పుడు ఉతికిన మనిషిని మాత్రమే.

మా అత్తయ్యది కాకినాడ. ఉక్కపోత సంగతి ఆవిడకి తెలిసినట్టు హైదరాబాదులో ఎవరికీ తెలియదని ఆవిడ నమ్మకం. "ఇదీ ఒక ఉక్కేనా అమ్మాయ్? మావైపు పొద్దున్న ఆరేసిన చీర సాయంత్రం తీసేటప్పటికి ఇంకా తడిగా ఉండేది" అనేది. నాకు ఒంట్లో వేడి చేసిందని తేల్చేసి, సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, అల్లం వేసిన పల్చటి మజ్జిగ వరసగా పట్టించేది. అన్నీ తాగేదాన్ని. లోపలికి పోసినదంతా బస్సు ఎక్కగానే బయటికి వచ్చేది.

ఆఫీసు గేటు దగ్గర హాజరు కోసం వేలు పెట్టే మిషన్ ఉంది. తడి వేలు దానికి గిట్టదు. వేలు పెడతాను, ఎర్రలైటు వెలుగుతుంది, నా వెనక వరస పెరుగుతుంది. ఆ గేటు దగ్గర సెక్యూరిటీగా ఉండే ఆయనకి యాభై ఏళ్ళు దాటి ఉంటాయి. మియాపూర్ నుంచి పొద్దున్నే డ్యూటీకి వచ్చేవాడు. ముదురు నీలం మందపాటి యూనిఫాం, మెడ దాకా గుండీలు, నల్ల బూట్లు, టోపీ. మొదటి నెలలోనే నా సంగతి కనిపెట్టి, మిషన్ పక్కన మేకుకి ఒక నూలు గుడ్డ తగిలించాడు.

"మల్ల వడ్తలేదా మేడం? జర గట్టిగ తుడుస్కోండ్రి. ఇగ వెట్టుండ్రి, దబ్బున."

దబ్బున పెట్టడంలోనే ఉంది కిటుకంతా. తుడుచుకున్నాక రెండు క్షణాలు దాటితే మళ్ళీ మొదటికే. అప్పటికీ పడకపోతే, "ఫికర్ చెయ్యకుండ్రి, నేను రిజిస్టర్ల రాస్త" అని పుస్తకం తీసేవాడు.

లోపలికి వెళ్తే ఇంకో సమస్య. బయట తడిసిన బట్టలతో ఏసీలోకి వెళ్తే పళ్ళు టకటకలాడతాయి. అందుకని బ్యాగులో ఇంకో కుర్తా పెట్టుకుని వెళ్ళి, బాత్రూంలో మార్చుకుని, తడిసినదాన్ని చేతులు ఆరబెట్టుకునే వేడిగాలి మిషన్ కింద ఆరబెట్టేదాన్ని. ఒకరోజు కుర్తా మార్చుకునే తీరిక లేక, నేనే నడుం వంచి మిషన్ కింద మెడ పెట్టుకుని నిలబడ్డాను. అప్పుడే హెచ్‌ఆర్ విభాగం పెద్దావిడ లోపలికి వచ్చింది. కాసేపు చూసింది.

"ఏమైనా వెతుకుతున్నారా?"

"లేదండి. ఆరుతున్నాను."

ఆవిడ తలుపు మెల్లిగా వేసి వెళ్ళిపోయింది.

ఇవన్నీ నాకు అలవాటే. అసలు గొడవ ఒక మీటింగుతో మొదలైంది. నా పని సాఫ్ట్‌వేర్ పరీక్షించి, బాగుందో లేదో చెప్పడం. ఆ రోజు వీడియో కాల్లో విదేశీ క్లయింటుకి, అన్ని పరీక్షలూ అయ్యాయి, ఒక్క లోపం కూడా లేదు అని చెబుతున్నాను. చెబుతుండగా నుదుటి నుంచి ధార కట్టి గడ్డం మీదుగా కాగితాల మీద పడుతోంది. కెమెరా కొత్తది, చాలా స్పష్టంగా చూపిస్తుంది. అటువైపు వాళ్ళు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాల్ అయిపోయిన అరగంటకి మెయిల్ వచ్చింది: విడుదల నాలుగు రోజులు వాయిదా వేద్దాం, పరీక్షలు మరోసారి చెయ్యండి అని. నేనేదో లోపం దాస్తున్నానని వాళ్ళ అనుమానం. ఆ లేని లోపం కోసం మా టీమంతా నాలుగు రోజులు వెతికాం. దొరకలేదు.

మా మేనేజరు నాకన్నా ఆరేళ్ళు చిన్న. మంచివాడే. నన్ను గదిలోకి పిలిచి, తలుపు వేసి, గొంతు తగ్గించి అన్నాడు. "మీకు కాన్ఫిడెన్స్ తక్కువవుతోందండి. మీటింగుల్లో నెర్వస్‌గా కనిపిస్తున్నారు."

"నాకు చెమట పడుతుందండి, అంతే."

"అదే నేనూ అంటున్నది" అని, ఆత్మవిశ్వాసం పెంచే రెండు రోజుల శిక్షణకి నా పేరు రాసేశాడు.

శిక్షణ ఇచ్చే ఆయన నవ్వు మొహం మనిషి. వచ్చిన పదిహేను మందినీ లేపి, ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకుని కళ్ళలోకి చూడమన్నాడు. ఉదాహరణకి చూపించడానికి సరిగ్గా నన్నే ఎంచుకున్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. మొహం మీద నవ్వు అలాగే ఉంది కానీ, చెయ్యి మాత్రం తనంతట తానే వెనక్కి వెళ్ళి ప్యాంటు వెనక జేబు దగ్గర తుడుచుకుంది.

"మీ భయం ఏంటో ఇక్కడ ధైర్యంగా చెప్పండి. మనందరం ఒకటే."

"భయం ఏం లేదండి. ఉక్కగా ఉంది."

"ఏసీ ఇరవై రెండులో ఉంది. ఉక్క ఎక్కడిది? భయాన్ని ఒప్పుకోకపోవడమే మొదటి భయం."

మిగతా పద్నాలుగు మందీ నావైపు జాలిగా చూశారు. రెండో రోజు సాయంత్రానికి వేరే దారి లేక, నాకు చిన్నప్పటి నుంచి బొద్దింకలంటే భయమని చెప్పాను. ఆయన చాలా సంతోషించాడు. చప్పట్లు కొట్టించాడు. సర్టిఫికెట్ ఇచ్చాడు. సిరా సరిగా ఆరనట్టుంది, నేను పట్టుకునేసరికి నా పేరులో సగం చెరిగిపోయింది.

ఆ సర్టిఫికెట్ చూసి మా అత్తయ్య నవ్వలేదు. "నీకు భయమేంటి? నాతో పదేళ్ళు కాపరం చేశావు" అంది. మర్నాడు శనివారం తనే దగ్గరుండి నన్ను మా కాలనీలోని చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, తిప్పి తిప్పి చూసింది. వదిలేశాక తన చేతులు తుడుచుకోలేదు. అలాగే పెన్ను తీసుకుని రాయడం మొదలుపెట్టింది. నేను ఆ చేతులవైపే చూస్తూ ఉండిపోయి, ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న వినలేదు.

"చిన్నప్పటి నుంచీ ఉందా అని అడుగుతున్నానమ్మా. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా నాన్నకి ఉండేదండి."

"ఇన్నాళ్ళూ ఎవరికీ చూపించలేదా?"

"చెమటకి కూడా చూపించుకుంటారని తెలీదండి."

కొంతమందికి చెమట గ్రంథులు అవసరానికి మించి పని చేస్తాయని, అది భయమూ కాదు, వేడి చెయ్యడమూ కాదని ఆవిడ చెప్పింది. వేడి చెయ్యడం కాదన్నప్పుడు మా అత్తయ్య కుర్చీలో కొంచెం కదిలింది. అరచేతులకి ఒక మందు రాసిచ్చి, పడుకోబోయే ముందు పూర్తిగా ఆరిన చర్మం మీద రాసుకోవాలంది.

"ఆరిన చర్మమే ఉంటే మీ దగ్గరికి ఎందుకు వస్తానండి?"

ఆవిడ నవ్వి, ఫ్యాను కింద పావుగంట కూర్చుని రాసుకోమంది. తరవాత నవ్వు ఆపి ఇంకో మాట చెప్పింది. "ఎండలో, బస్సులో పట్టే చెమట మీద మాత్రం కోపం పెట్టుకోకండి. మిమ్మల్ని చల్లబరిచేది అదే. ఉక్క మరీ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషి అయోమయంగా కనిపిస్తే అప్పుడు భయపడాలి. వెంటనే నీడకి చేర్చి, ఒళ్ళు తడిపి, విసరాలి. దవాఖానాకి పంపాలి."

మందు సగం పనిచేసింది. అరచేతులు కాస్త పొడిబారాయి. మిగతా శరీరం తన పని తాను చేసుకుపోతూనే ఉంది.

ఆ తరవాతి వారం మా భవనంలో ఏసీ చెడిపోయింది. మాది మొత్తం అద్దాల భవనం. ఒక్క కిటికీ తెరుచుకోదు. తెరవాల్సి వస్తుందని కట్టినవాళ్ళు అనుకోలేదు. రోజూ శాలువాలు కప్పుకుని పనిచేసే మా టీము పదకొండయ్యేసరికి ఒక్కొక్కరే నా బల్ల దగ్గరికి వచ్చారు.

"మీ దగ్గర ఇంకో నాప్కిన్ ఉందా?"

నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి. ఆరు చేతిరుమాళ్ళు, రెండు నాప్కిన్లు, సీసాడు ఉప్పు మజ్జిగ, మా అత్తయ్య ఇచ్చిన విసనకర్ర. మెడ మీద తడిగుడ్డ ఎలా వేసుకోవాలో చూపించాను. మణికట్ల మీద చన్నీళ్ళు పోసుకోమన్నాను. విసనకర్రకి వంతులు వేశాను. మధ్యాహ్నం క్లయింటు కాల్లో మేనేజరు మాట్లాడుతుంటే, అతని చొక్కా భుజాల దాకా తడిసి ఒంటికి అంటుకుపోయింది. అటువైపు ముగ్గురిలో ముసలాయన ఆదుర్దాగా అడిగాడు, మీ దగ్గర అందరికీ ఇది అంటుకుందా అని.

కాల్ అయ్యాక మేనేజరు నా బల్ల ముందు కూలబడ్డాడు. "మీరు రోజూ ఇలాగే ఉంటారా?"

"రోజూ కాదండి. ఆదివారం ఇంట్లోనే ఉంటాను."

అతను నవ్వలేదు. మొహం తుడుచుకుని, "ఆ ట్రైనింగుకి పంపి తప్పు చేశానండి" అన్నాడు. మజ్జిగ ఇచ్చాను.

రెండో రోజు పన్నెండింటికి, లోపల ఉండలేమని అందర్నీ కిందికి పంపేశారు. గేటు దగ్గర చెట్టు కింద గుంపులుగా నిలబడి, ఏసీ లేని బతుకు గురించి అందరం గట్టిగా మాట్లాడుకుంటున్నాం. నేను బయటికి వెళ్ళి కొబ్బరిబోండాం తాగుదామని గేటువైపు నడిచాను. సెక్యూరిటీ ఆయన ఎప్పటిలా ఎండలో నిలబడి ఉన్నాడు.

"నమస్తే మేడం, లోపలికా" అన్నాడు. నేను బయటికి వెళ్తున్నాను. ఎదురుగానే ఉన్నాను.

"బాగున్నారా?" అన్నాను.

"రిజిస్టర్... మిషన్ల రాస్త" అన్నాడు. నాలుక మందంగా తిరుగుతోంది. కళ్ళు నామీద లేవు. చెయ్యి పట్టుకున్నాను. పెనం మీద చెయ్యి వేసినట్టు ఉంది.

తరవాత చేసినవన్నీ వెంటవెంటనే చేశాను, వరస సరిగ్గా గుర్తు లేదు. మేనేజర్ని పేరు పెట్టి అరిచాను, అంతకుముందు ఎప్పుడూ అలా పిలవలేదు. ఇద్దరం చెరో భుజం పట్టుకుని చెట్టు నీడకి తెచ్చి పడుకోబెట్టాం. టోపీ తీసి, బూట్లు విప్పి, మెడ దాకా ఉన్న గుండీలన్నీ విప్పాను. ఎవరో అంబులెన్సుకి ఫోన్ చేశారు. నా బ్యాగులోని ఇంకో కుర్తా నీళ్ళలో ముంచి ఆయన ఛాతీ మీద పరిచాను. తడి రుమాళ్ళు మెడ కింద, చంకల్లో పెట్టాను. మేనేజరు మోకాళ్ళ మీద కూర్చుని విసనకర్రతో విసురుతూనే ఉన్నాడు. ఎవరో కూల్ డ్రింక్ తెచ్చి ఆయన నోటి దగ్గర పెట్టబోతే, స్పృహ సరిగా లేనివాళ్ళకి ఏమీ తాగించకూడదని కసిరాను. ఆ కసురుకి ఆ అబ్బాయి డ్రింక్ తనే తాగేశాడు.

అంబులెన్సు వచ్చేలోపు ఆయన కళ్ళు తెరిచి నన్ను చూశాడు. తరవాత తన మీద పరిచిన గులాబీ రంగు పూల కుర్తాని చూసుకున్నాడు.

"గిదేంది మేడం" అన్నాడు. మాట స్పష్టంగా ఉంది. నాకు ఏడుపొచ్చింది. మొహం అప్పటికే తడిగా ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఆస్పత్రిలో మూడు రోజులు ఉంచారు. సమయానికి చల్లబరిచారు కాబట్టి సరిపోయింది అన్నారట. ఏసీ ఆయన్ని తీసుకెళ్ళిన సాయంత్రమే బాగయింది. గేటు దగ్గర నీడ కోసం మాత్రం నేను మెయిల్ రాయాల్సి వచ్చింది. జవాబు రాలేదు. మేనేజరు తన పేరు కూడా చేర్చి మళ్ళీ రాశాడు. దాని తరవాత మా టీమంతా పేర్లు పెట్టి రాశాం. ఎవరికి రాసినా అది తమ విభాగం పని కాదని మర్యాదగా చెప్పారు. చివరికి వేడిగాలి మిషన్ దగ్గర నన్ను చూసిన హెచ్‌ఆర్ పెద్దావిడ గదికే వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ నన్ను గుర్తుపట్టింది. కూర్చోమంది. మొత్తం విని, నా ముందే ఇద్దరికి ఫోన్లు చేసింది.

వానలు పడ్డాక గేటు దగ్గర రేకుల పందిరి, ఒక స్టూలు, నిలబెట్టే ఫ్యాను, సెక్యూరిటీవాళ్ళకి పొట్టిచేతుల నూలు చొక్కాలు వచ్చాయి. ఆయన మళ్ళీ డ్యూటీలో చేరిన వారం, పందిరి కింద ఆగి ఎలా ఉందని అడిగాను.

"ఫ్యాన్ మంచిగుంది మేడం. గని దాని ముంగట గీ కుక్క పండుకుంటుంది, లెమ్మంటె లేస్తలేదు" అన్నాడు. నిజమే, గేటు దగ్గరి గోధుమరంగు కుక్క నాలుగు కాళ్ళూ చాపి గాలికి నిద్రపోతోంది. ఆయన స్టూలు పక్కకి జరుపుకుని కూర్చున్నాడు.

"చొక్కా?"

"చల్లగనే ఉంది. గిట్ల పొట్టిచేతులు ఏస్కుంటె సెక్యూరిటీ లెక్క కనవడ్తలేవని మా ఇంటామె నవ్వుతుంది" అని, మోచేతులు ఒకసారి చూసుకుని, టోపీ మాత్రం సరిగ్గా పెట్టుకున్నాడు.